కస్టమ్ ఎలిమెంట్ల నామకరణం – తెలుగు లిపి: ఒక పరిశీలన

వెబ్ కాంపొనెంట్లతో సంస్థాగత అనువర్తనాలను నిర్మించడంలోని ప్రధాన ప్రయోజనం స్థిరత్వం. ఫ్రేమ్‌వర్క్ మారినా బ్రౌజర్ ప్రమాణం గుర్తించే మూలకం నిలుస్తుంది. అంతకాలం నిలిచే మూలకానికి పెట్టే పేరు భాషా విమర్శకు అందవలసిన విషయమే.

కస్టమ్ ఎలిమెంట్ పేరులో హైఫన్ తప్పనిసరి. హెచ్‌టీఎంఎల్‌లో మున్ముందు చేరే పేర్లతో ఘర్షణ రాకుండా ఈ నియమం చేశారు. సమాసంలో వలె పదాలను కలపడం కాక, పేరును వేరుపరచి చూపడం ఇక్కడ హైఫన్ పని. ఇది సమంజసమే.

మొదటి అక్షరం మాత్రం చిన్నబడి రోమన్ అక్షరమే కావాలి. ఆపైన తెలుగు లిపి చెల్లుతుంది. ‘పద-పట్టిక’ చెల్లదు, ‘tపద-పట్టిక’ చెల్లుతుంది (చూపుకు ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా). పార్సర్ ట్యాగును రోమన్ అక్షరంతోనే గుర్తిస్తుంది కనుక దీనిని వివక్ష అనడం తొందరపాటు. అయితే తెలుగు నిఘంటువులకు కాంపొనెంట్లు రూపొందించేవారు పేరంతా ఆంగ్లంలో పెట్టి, ఆ నెపాన్ని ప్రమాణంపై వేయడం అంగీకరించదగినది కాదు.