తెరకు ఒక తెర

కంప్యూటరులోని అక్షరములను మాటలుగా చదివి వినిపించు సాధనమును స్క్రీన్ రీడరు అందురు. దీని సాయమున చూపులేనివారు నేడు ఉత్తరములు వ్రాయుచున్నారు, బ్యాంకు లెక్కలు చూచుకొనుచున్నారు, పరీక్షలకు చదువుచున్నారు. వీరికి కావలసినది చెవిలో పడు మాటయే గాని తెరపై వెలుగు కాదు. అయినను లాప్‌టాప్ తెర వెలుగుచునే యుండును. రైలులో ప్రక్కన కూర్చున్నవారు, కార్యాలయములో వెనుక నిలిచినవారు ఆ లెక్కలన్నియు చదువవచ్చును. చూపున్నవారు ఇతరులు తొంగిచూచుట గమనించి తెరను మరలించుకొందురు. చూపులేనివారికి ఆ అవకాశము లేదు.

వెలుగు తగ్గించినచో చాలదా యని విద్యార్థులు అడుగవచ్చును. పెక్కు లాప్‌టాప్‌లలో వెలుగును కనిష్ఠమునకు దించినను అక్షరములు కనబడుచునే యుండును. మూత మూసినచో సాధారణముగా యంత్రము నిద్రపోవును. మీటలును మూతక్రిందనే చిక్కును. తెరపై అంటించు పొర యొకటి కలదు. అందులోని సన్నని నిలువు పలకలు ప్రక్కలకు పోవు కాంతిని ఆపును గాని, నేరుగా వెనుక నిలిచినవారి చూపును ఆపవు.

ఈ లోటు తీర్చునదే ‘స్క్రీన్ కర్టెన్’. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఉచిత సాధనము ఎన్.వి.డి.ఎ. దాని 2019.3 సంఖ్యగల కూర్పులో ఈ ఏర్పాటు చేరినది. ఆపిల్ వారి వాయిస్ ఓవర్‌లోను, జాస్‌లోను ఇట్టిదే కలదు. ఎన్.వి.డి.ఎ. పద్ధతి చక్కనిది. తెరపై ప్రతి బిందువులోని ఎరుపు, ఆకుపచ్చ, నీలము పాళ్లను సున్నతో హెచ్చవేసినట్లు చేయును. సున్నతో ఏది హెచ్చవేసినను సున్నయే గదా! తెర నల్లబడును. స్క్రీన్ రీడరు తెర కాంతిని చూచి చదువునది కాదు. ప్రోగ్రాములు అందించు సమాచారమును గ్రహించునది. కావున చదువుటకు ఆటంకము లేదు.

ఇది మెచ్చదగినదే. కాని లోపములు లేకపోలేదు. మొదటిది, వాడుకరి కోరినగాని ఇది పనిచేయదు. ఇట్టిది కలదని తెలియనివారికి రక్షణ లేదు. కొంత చూపున్నవారు కూడ ఈ సాధనమును వాడుదురు గనుక, దీనిని అందరికి నిర్బంధముగా పెట్టకుండుట న్యాయమే. అయినను మొదటి దినమునే ‘తెర కావలెనా?’ యని అడుగవచ్చును. రెండవది మరింత గట్టి లోపము. బొమ్మ రూపమున వచ్చిన కాగితమును విండోస్ అక్షర గుర్తింపుతో చదివించుకొనవలెనన్నచో ముందు తెర తొలగింపవలెను. ఆ కాగితము వైద్యుని నివేదిక కావచ్చును, బ్యాంకు పత్రము కావచ్చును. దాచవలసిన ఘడియలోనే ముసుగు తీయవలసి వచ్చుచున్నది.

మూడవది, తెర పడినదని యంత్రము ధ్వని చేసి చెప్పును. నిజముగా నల్లబడినదో లేదో చూపులేనివారు స్వయముగా ఎట్లు ఎరుగుదురు? యంత్రము మాటను నమ్ముటయో, ఇతరులను అడుగుటయో తప్ప వేరు దారి చూపలేదు. తన రహస్యము భద్రముగా నున్నదని పరుల కన్నులతో తెలిసికొనవలసి వచ్చినచో అది సగము రహస్యమే.

ఇక్కడ మన విద్యార్థులకు పని కలదు. కాంతి పడినపుడు విద్యుత్ నిరోధము తగ్గు ఎల్.డి.ఆర్., ఒక ట్రాన్సిస్టరు, బజరు, బ్యాటరీ ఉన్నచో వెలుగును ధ్వనిగా మార్చు చిన్న పరికరము పాఠశాలలోనే చేయవచ్చును. చీకటి గదిలో దానిని తెరకు ఆనించి చూడుడు. ఎల్.సి.డి. తెరలో వెనుక దీపము వెలుగుచునే యుండుటచే నలుపులోను కొంత కాంతి జారును, ఓ.ఎల్.ఇ.డి. తెరలో ప్రతి బిందువు తానే ఆరిపోవును. ఈ భేదమును గమనించి పరికరమును సరిచేసికొనవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. చూపులేని విద్యార్థి ముందు తెర నల్లగా నున్నచో యంత్రము చెడినదని మీట నొక్కకుడు. ఏదో దాచుచున్నాడని అనుమానింపకుడు. చూడవలసిన అవసరమున్నచో అడుగుడు. తెర తీయునది అతడే కావలెను.