ఉన్మాదము – లోకదృష్టి

ఉన్మాదం చూచేవాని కంటిలో ఉన్నదా, అనుభవించేవాని మనస్సులో ఉన్నదా అన్నది సాహిత్యంలో పాత ప్రశ్నే. ఒక భాషవారు మరొక భాష నడుమ జీవించే చోట మాత్రం అది కేవలం తత్త్వచర్చగా మిగలదు. బిలాస్‌పూర్ రైల్వే పట్టణం అట్టి చోటు.

బెంగాల్–నాగపూర్ రైల్వే నాటినుంచి ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడినవి. 2003 నుంచి ఆ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. ఇంట తెలుగు, కచేరీలో హిందీ, అంగడిలో ఛత్తీస్‌గఢీ. ఊరికి చేరువనే సేంద్రీలో రాష్ట్ర మానసిక చికిత్సాలయం ఉన్నది. అక్కడికి ఒక తెలుగు వృద్ధురాలిని తీసికొని వెళ్ళి, ఆమె “అమ్మవారు నా ఒంటిమీదికి వచ్చింది” అన్నదనుకొందాం. జాతరలో ఆ మాటకు పసుపునీళ్ళతో కాళ్ళు కడుగుతారు. మన పూనకం ఎరుగని వైద్యునికి అదే మాట రోగలక్షణంగా తోచవచ్చు. ఇందుకు విపర్యయమూ కలదు: నిజంగా మనసు చెదిరిన కోడలిని “గాలి సోకింది” అని ఇంటివారు వైద్యానికి దూరం చేయవచ్చు. మాట ఒక్కటే, తీర్పు వినేవారిని బట్టి మారుతున్నది.

చూపుకు గల ఈ అధికారాన్ని ఉర్దూ కథకుడు మంటో “టోబా టేక్ సింగ్”లో బయటపెట్టినాడు. దేశవిభజన తరువాత రెండు ప్రభుత్వాలు పిచ్చివారిని కూడా మతాన్నిబట్టి పంచుకొంటవి. తన ఊరు ఏ దేశంలో ఉన్నదని అడిగే బిషన్ సింగ్ ప్రశ్నలో ఉన్న స్థిమితం ఆ పంపకంలో కానరాదు. ఎవరు పిచ్చివారన్న సందేహం పాఠకునికి కలగడమే ఆ కథకు బలం.

అయితే అక్కడే ఆగి, పిచ్చి అంతా లోకం వేసిన ముద్రే అనడం తొందరపాటు. గోపీచంద్ “అసమర్థుని జీవయాత్ర” దానికి సమాధానం. వంశప్రతిష్ఠకై ఆస్తిని హారతి కర్పూరం చేసిన సీతారామారావు ఒకనాడు లోకం కంటికి ఉదారుడే. ఆస్తి పోగానే అసమర్థుడైనాడు. ఇంతవరకు అది దృష్టిభేదమే. కాని లోలోపల అతనిని తినివేసే వేదన ఎవరి చూపువల్లనూ పుట్టలేదు, ఎవరి చూపు మారినా పోదు. భార్య ఇందిర అనుభవించిన బాధను దృష్టిభేదమని అనగలమా?

కనుక ముద్ర వేరు, బాధ వేరు. మొదటిది సాపేక్షం; రెండవది సత్యం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వివేకాన్నే చూపినది. సంఘపు నీతికి, ఆచారానికి, మతవిశ్వాసానికి ఒదగకపోవడం మాత్రమే మనోవ్యాధికి నిదర్శనం కాదని అది శాసించినది. వ్యాధిగ్రస్తునికి చికిత్స పొందే హక్కునూ ప్రకటించినది.

మన రచయితలలో పలువురికి పిచ్చివాడు ఒక సౌకర్యం. తాము చెప్పదలచిన వేదాంతాన్ని అతని నోట పలికించి తప్పుకొంటారు. అప్పుడు ఆ పాత్రకు నిద్ర పట్టని రాత్రులుండవు, అన్నం సహించని దినాలుండవు, అతనిని కనిపెట్టుకొని ఉండే తల్లి ఉండదు. లోకపు తీర్పును ప్రశ్నించే ధైర్యం మంటో వద్ద, బాధను చివరివరకు వినే ఓర్పు గోపీచంద్ వద్ద మనం నేర్వవలసి ఉన్నది. పరభాషల నడుమ బ్రదికే తెలుగువాని మనోవ్యథను వ్రాయబూనిన వారికి ఈ రెండూ మరింత అవసరం. ఆ వ్యథను అతని మాటలలోనే వినగలవారు అక్కడ కొద్దిమంది.