గోల్‌బజారులో మురీ

బంధువులు సెలవులకి దిగినప్పుడు ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి ఒక సుఖం ఉంది. ఊళ్ళో చూపించాల్సిన మొదటి వింత మీదే చుట్టాలు దిగుతారు. ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో దీన్ని మించింది లేదు. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో, 2023లో హుబ్బళ్ళి 1507 మీటర్లతో దాన్ని దాటేశాయి. ఆ కబురు ఇక్కడి బాబాయిలకి ఇంకా చేరినట్టు లేదు. సామాన్ల దగ్గర పిన్నిని కూర్చోబెట్టి, పిల్లల్ని ఆ చివరిదాకా నడిపించుకెళ్ళి, "ప్రపంచంలోకెల్లా పొడుగైంది" అనే చెబుతారు. అంత దూరం నడిచాక పిల్లలకి ఎదురు ప్రశ్నలు వేసే ఓపిక ఉండదు.

కర్కటరేఖకి దిగువనున్న ఊరు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం బయట తిరగడం తెలివైన పని కాదు. అందుకని పొద్దున్నే హిజ్లీ. 1930లో బ్రిటిష్‌వాళ్ళు రాజకీయ ఖైదీల కోసం తెరిచిన శిబిరం అది. 1931 సెప్టెంబరు 16న లోపలున్న నిరాయుధుల మీద పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. 1951లో దేశంలో మొదటి ఐఐటీ ఆ కట్టడంలోనే మొదలైంది. ఇప్పుడక్కడ నెహ్రూ పేరిట సైన్స్ మ్యూజియం నడుస్తోంది. ఖైదీల కథ సగంలో ఉండగానే తండ్రులు పిల్లల్ని ఐఐటీ బోర్డు ముందు నిలబెట్టి ఫొటోలు తీస్తుంటారు. తెలుగు తండ్రులు కదా, తప్పదు.

దీఘా సముద్రానికి తీసుకెళ్తామని కూడా అంటారు. కళింగపట్నం, భీమిలి చూసినవాళ్ళకి అదంత అవసరమా?

అసలు తగువు సాయంత్రం గోల్‌బజారులో మొదలవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ పెట్టిన రోజుల్లో ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి జనం పనికి తరలివచ్చారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ నీంపురాలో, మథురాకాటీలో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చిందంటే ఈ జనాన్ని చూసే. ఇంతమందిమి ఉన్నామని చుట్టాలకి చూపించుకోవాలన్న పట్టుదలతో బాబాయి నేరుగా ఇడ్లీ బండి దగ్గరికి తీసుకెళ్తాడు. రైల్లో రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన మరదలికి ఒళ్ళు మండుతుంది. "మావూర్లో దొరకదేటి బావా, ఇడ్లీ?"

ఈ తగువులో ఈ కాలమిస్టు ఓటు మరదలికే. ఇడ్లీ ఎక్కడికీ పోదు. పశ్చిమ మేదినీపూర్ జిల్లాకి వచ్చి మురీ తినకపోతే మాత్రం సగం ఊరు చూడనట్టే. విశాఖ బీచిలో మురీ మిక్చర్ తిన్న నాలుకకి ఇది కొత్తేం కాదుగానీ రుచి వేరు. ఉప్పుడు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి, బాగా కాగిన ఇసుకలో వేయిస్తే గింజ ఉబ్బి పేలుతుంది. ఝాల్‌మురీ బండివాడు దాన్ని రేకు డబ్బాలో పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయా, పచ్చిమిర్చీ, ఉడికిన బంగాళాదుంప ముక్కలూ, నానిన శనగలూ వేస్తాడు. పైన ఆవనూనె చిలకరించి, డబ్బాలో చెంచా గిలకొట్టి, కాగితం పొట్లంలోకి వంపేసి, కొసకి ఒక కొబ్బరి ముక్క గుచ్చుతాడు. ఆ వాసన ముక్కుకి ఎక్కీ ఎక్కకముందే తినేయాలి. ఇంటికి పట్టుకెళ్దామని మూట కట్టించుకుంటే దారిలోనే మెత్తబడిపోతుంది.

ఇంకా ఆకలుంటే మురీ మీద ఘుగ్నీ పోయించుకోవచ్చు, ఎండు బఠాణీల కూర అది. పక్కన వేడి ఆలూ చాప్. చాప్ మాత్రం కళాయిలోంచి తీస్తున్నది చూసి కొనాలి. చల్లారింది వద్దు.

మర్నాడు పొద్దున చేపల బజారుకి మరదలు వెళ్ళకుండా ఉండదు. నేలమీద కూర్చుని కత్తిపీట మీద రోహూని ముక్కలు కోస్తున్న మనిషిని చూస్తూ, పులుసుకి తలకాయ విడిగా ఇమ్మని చేతులతో చెబుతుంది. ఇంటికొచ్చాక మళ్ళీ గొడవే: చింతపండు పులుసా, ఆవపిండి కూరా? పిన్ని ఎన్నో ఏళ్ళుగా రెండూ చేస్తోంది. ఆవనూనె పొగ వచ్చేదాకా కాగి, రంగు పలచబడ్డాకే ముక్కలు వేయాలని, అంతదాకా మరదల్ని పొయ్యి దగ్గరికి రానివ్వదు.