పాతది తెచ్చారా?

పెసరట్టు ఒక పక్క మాడిపోయి ఇంకో పక్క పచ్చిగా ఉంటే చాలామంది పెనాన్ని తిడతారు, లేదంటే పిండిని. నేను ముందు వంగి మంట చూస్తాను. బర్నర్ చుట్టూ నీలంగా, ఒకే ఎత్తున వెలుగుతుంటే పొయ్యిలో లోపం లేదు. ఒకవైపు కుంగిపోయి, మరోవైపు పచ్చగా పైకి లేస్తూ గిన్నెల అడుగుకు మసి పూస్తోందంటే పొయ్యి సంగతి చూడాల్సిందే. ఇల్లాళ్లకు ఈ చూపు ఎవరూ నేర్పక్కర్లేదు. మంట తేడా వంటలో అందరికంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. ఆ తేడా ఎక్కడిదో తెలిస్తే రిపేరు చాలావరకు ఇంట్లోనే అయిపోతుంది.

గ్యాస్ పొయ్యిలో దాగుడుమూతలేమీ లేవు. బండలోంచి వచ్చిన గ్యాసు నాబ్ వెనకుండే కాక్ దాటి, జెట్ అనే చిన్న ఇత్తడి ముక్కకున్న సన్నటి రంధ్రంలోంచి విసురుగా బయటికొస్తుంది. ఆ విసురుకే చుట్టూ ఉన్న గాలిని వెంట లాక్కుని బర్నర్ కింది గొట్టంలోకి దూరుతుంది. గాలి చాలినంత కలిస్తే మంట నీలం, చాలకపోతే పసుపు. గంజి పొంగి బర్నర్ కన్నాల్లో గట్టిపడినా, కొన్నాళ్లు వాడకుండా ఉంచిన పొయ్యి గొట్టంలో సాలీడు గూడు కట్టినా మంట పాడవుతుంది. బర్నర్‌ని వేణ్ణీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, బాగా ఆరబెట్టి, కుదురుగా కూర్చోబెడితే చాలాసార్లు అక్కడితో సరి. అంచులు తినేసిన బర్నర్‌ని మాత్రం తోమి లాభం లేదు, మార్చాల్సిందే.

జెట్ దగ్గరే చాలామంది పొరబడతారు. మంట తగ్గిందనగానే గుండుసూది తీసి పొడుస్తారు. ఈ అలవాటు కిరసనాయిలు పంపు స్టవ్వు నాటిదని నా అనుమానం. మా అమ్మమ్మ ఇంట్లో ఆ స్టవ్వు పక్కనే రేకు ముక్కకు వెంట్రుకంత తీగ అంటించిన పిన్ను ఉండేది. నిపుల్‌లో మసి పట్టినప్పుడల్లా దాంతో పొడిచేది. ఆ పిన్ను ఆ కన్నానికి తగ్గట్టు చేసింది. గుండుసూది అలాంటిది కాదు. ఇత్తడి మెత్తన, పొడిచేకొద్దీ కన్నం పెద్దదవుతుంది. గ్యాసు ఎక్కువొచ్చి, గాలి చాలక మంట ఇంకా పచ్చబడుతుంది. జెట్‌ని స్పానరుతో విప్పి, కిరసనాయిల్లో నానబెట్టి, వెనకనుంచి సైకిలు పంపుతో గాలి కొడితే చాలు. కన్నం అప్పటికే పెద్దదైపోయి ఉంటే కొత్తది వేయాలి. హైదరాబాద్, విజయవాడల్లో పైపు గ్యాసు వచ్చిన ఇళ్లలో పొయ్యి అదే ఉంచి జెట్లు మార్చడం చూసే ఉంటారు. పైపులో వచ్చే సహజవాయువుకు ఒత్తిడి తక్కువ, అంతే పరిమాణానికి వచ్చే వేడీ బండ గ్యాసులో సగం కూడా ఉండదు. అందుకే దానికి పెద్ద కన్నం కావాలి. పొయ్యి స్వభావమంతా ఆ చిన్న కన్నంలోనే ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని బిగుసుకున్న నాబ్‌ని వదులు చేయడం. రెగ్యులేటరు కట్టేసి, ట్యూబు తీసేసి, పొయ్యిని పాత పేపరు మీద బోర్లిస్తాను. నాబ్ లాగి, రెండు స్క్రూలు విప్పితే స్ప్రింగు, దాని వెనక కొసదేరిన ఇత్తడి బిరడా బయటికొస్తాయి. దానికి పట్టిన గ్రీజు ఎండి నల్లటి జిగురులా ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో ఇత్తడి మెరిసేదాకా తుడిచి, వేడికి కరగని గ్రీజు పలచగా, బిరడా కన్నంలోకి దూరకుండా రాయాలి. ఒక పొయ్యి బిరడా ఇంకో పొయ్యిలో పెట్టకూడదు. ఏ బిరడానైనా దాని కాక్‌లోనే అరగదీసి సరిపెడతారు కాబట్టి తారుమారైతే లీకవుతుంది. మళ్లీ బిగించాక నాబ్ వెన్నలా తిరుగుతుంటే కలిగే తృప్తి ఇంతా అంతా కాదు. చేయి తిరగనివాళ్లు మాత్రం ఈ ఒక్క పని మెకానిక్‌కే వదిలేయాలి.

ఏ పని చేసినా ఆఖర్న ప్రతి అతుకు మీదా సబ్బు నురుగు రాసి చూడాల్సిందే. బుడగ లేచిందా, పొయ్యి వెలిగించేది లేదు. బండ గ్యాసు గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటుంది. వాసనొస్తే స్విచ్చుల జోలికి పోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులన్నీ తీసి, బయటికి వెళ్లి 1906కి ఫోన్ చేయండి. రెగ్యులేటరు ఇంట్లో విప్పే వస్తువు కాదు. ట్యూబు మీద ఐఎస్‌ఐ గుర్తు, గడువు అచ్చువేసి ఉంటాయి. బాగానే కనిపిస్తున్నా అయిదేళ్లకు మార్చాలి.

ఇక సామాన్ల కొట్టు సంగతి. "బర్నర్ కావాలండీ" అంటే కొట్టాయన మొదటి ప్రశ్న "పాతది తెచ్చారా?" అనే. పాతది చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, మూడు నాలుగు డబ్బాలు వెతికి, గొట్టం మూతి మీద పెట్టి చూసి ఇస్తాడు. చూడ్డానికి ఒకేలా ఉన్నవి అంచు దగ్గర వెంట్రుకవాసి తేడాతో సరిపోవు. ఆయన కళ్లే కేటలాగు.

కొత్త గాజు పొయ్యిల విషయంలో ఆ కళ్లూ చాలడం లేదు. పోయిన ముక్కకు జోడీ దొరక్క, మిగతాదంతా బాగున్న పొయ్యిలు పాతసామాన్ల బండెక్కుతున్నాయి. రిపేరు చేయించుకోవడం వినియోగదారు హక్కంటూ కేంద్రం 2022లో కమిటీ వేసింది, ఆ ఏడాదే పోర్టల్ కూడా తెరిచింది. పొయ్యి వరకు నేను కోరేది రెండే. బర్నర్, జెట్, కాక్‌ల నంబర్లు పొయ్యి అడుగున చెరిగిపోకుండా అచ్చువేయాలి. పొయ్యి అమ్మిన కొట్లోనే ఆ మూడూ పదేళ్లపాటు దొరకాలి.