ట్యాంకు కొనేముందు బావి సంగతి

మైపాడు వైపు ఇల్లు కడుతున్నవాళ్లు ప్రెషర్ ట్యాంకు కోసం నెల్లూరులో షాపుకెళ్తే మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఎన్ని బాత్‌రూములుండాయి సార్?" అని. బావి ఎంత లోతు, వేసవిలో నీళ్లు ఏ రుచి అని ఎవరూ అడగరు. నన్ను బాధపెట్టేది అదే.

మన తీరంలో ఇసుక కింద దొరికే తీపినీళ్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసి ఇంకిన వాననీళ్లే. ఉప్పునీటి కంటే తేలిక కనుక దానిమీద తేలుతుంటాయి. నీటిమట్టం సముద్రం కంటే ఒక్క మీటరు ఎత్తులో ఉంటే, సముద్రమట్టం కింద సుమారు 40 మీటర్ల దాకా తీపినీళ్లుంటాయని ఘైబెన్, హెర్ట్స్‌బర్గ్ అనే ఇద్దరు వందేళ్ల కిందటే లెక్క తేల్చారు. అదే లెక్కను తిరగేస్తే భయమేస్తుంది. పైన ఒక అడుగు దిగిపోతే, కింద ఉప్పు క్రమంగా 40 అడుగులు పైకి రాగలదు. పెద్ద మోటారు పెట్టి గబగబా తోడితే సరిగ్గా ఆ బావి కిందే ఉప్పునీరు పైకి లేస్తుంది.

అందుకే బావికి చిన్న మోటారు చాలు. నిదానంగా మిద్దెమీది ట్యాంకు నింపుకోవాలి. ప్రెషర్ ట్యాంకు, బూస్టర్ పంపు దాని తర్వాత రావాలి. అమెరికా ఇళ్లలో బావి మోటారుకే నేరుగా ప్రెషర్ ట్యాంకు తగిలిస్తారు. మనకది కుదరదు. తుపాను వచ్చి కరెంటు పోతే ఇంటిని ఆదుకునేది మిద్దెమీది వెయ్యి లీటర్లే.

ఇక సైజు. 24 లీటర్ల ట్యాంకు 24 లీటర్లు ఇవ్వదు. లోపల రబ్బరు సంచి, దాని చుట్టూ గాలి ఉంటాయి. పంపు 1.5 బార్ దగ్గర మొదలై 3 బార్ దగ్గర ఆగేలా పెడితే, పంపు ఆగాక వాడుకోగలిగేది దాదాపు 8 లీటర్లే. అంటే బకెట్ నిండకముందే పంపు మళ్లీ మొదలవుతుంది. ఆగుతూ మొదలవుతూ ఉంటే మోటారు త్వరగా పాడవుతుంది. ఒకసారి మొదలయ్యాక కనీసం నిమిషమైనా తిరగాలి. నిమిషానికి 30 లీటర్లు తోసే పంపుకైతే 100 లీటర్ల ట్యాంకే న్యాయం. ధర ఎక్కువే, అయినా నేను దానివైపే.

గాలి ఒత్తిడి పంపు మొదలయ్యే ఒత్తిడి కంటే 0.2 బార్ తక్కువగా ఉండాలి. ట్యాంకులో నీళ్లు పూర్తిగా వదిలేశాకే కొలవాలి, లేకపోతే గేజు చూపించే అంకె తప్పు. ఉప్పుగాలికి మామూలు ఇనుప ట్యాంకు పెయింటు లేచిన చోటల్లా తుప్పు పడుతుంది. ఫైబర్‌ది దొరికితే అదే తీసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరుతో బావినీళ్లు తరచూ చూసుకోండి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిదని భారత ప్రమాణం. అంకె వారం వారం పెరుగుతోందంటే ట్యాంకు మార్చి లాభం లేదు. మోటారు వేసే సమయం తగ్గించి, పూటకు కొంచెం కొంచెంగా తోడుకోవాలి.