గోడకున్న గొట్టం

న్యూజెర్సీలో మేం కొన్న ఇంటి బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ఇనప ట్యాంకు ఉండేది. దాన్నిండా ఎర్రరంగు కలిపిన హీటింగ్ ఆయిల్. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మెట్ల దగ్గరే ఆగి, "ఏమిట్రా, కింద కిరసనాయిలు గానీ ఒలికిందా?" అంది. ఏమీ ఒలకలేదు. ఆ ఇంటి వాసనే అది.

చలికాలంలో ట్యాంకర్ వచ్చేది. డ్రైవర్ బయటి గోడకున్న గొట్టానికి పైపు బిగించి, చెవి ఒగ్గి నిలబడేవాడు. ఆయిల్ దిగుతున్నంతసేపూ ట్యాంకులోని గాలి పక్క గొట్టంలోంచి ఈల వేసుకుంటూ బయటికొస్తుంది. ఈల ఆగితే ట్యాంకు నిండినట్టు. కంటికి కనపడని ట్యాంకును చెవితో నింపే ఆ పనితనమంటే నాకు గౌరవం.

వీధిలోకి గ్యాస్ లైన్ వచ్చాక మేమూ మారాం. 2018 సెప్టెంబరులో మసాచుసెట్స్‌లోని లారెన్స్ చుట్టుపక్కల గ్యాస్ లైన్లలో ఒత్తిడి మితిమీరి ఇళ్ళు తగలబడిన సంగతి మనసులో మెదులుతూనే ఉంది. ఖర్చు లెక్క మాత్రం తేలికే: గ్యాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల వేడి, థర్మ్ గ్యాస్‌లో లక్ష. ధరల్ని ఆ లెక్కనే పోల్చాలి.

బర్నర్ మారిస్తే సరిపోతుందనుకున్నాను. వచ్చిన మెకానిక్ బాయిలర్ జోలికే పోకుండా చిమ్నీ అడుగున ఉన్న చిన్న తలుపు తీసి, టార్చి వేసి చూపించాడు. మసి, రాలిన ఇటుక పెళ్ళలు. ఆయిల్ పొగ వేడికి చిమ్నీ పొడిగా ఉంటుందట. గ్యాస్ పొగలో వేడి తక్కువ, నీటి ఆవిరి ఎక్కువ. వెడల్పాటి ఇటుక చిమ్నీలో ఆ ఆవిరి ఆమ్లపు చెమ్మై గోడల్ని తినేస్తుంది. పెళ్ళలు రాలి దారి మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే మళ్ళుతుంది. లీకైన గ్యాస్‌నైతే అందులో కలిపిన మెర్కాప్టన్ కంపు పట్టిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి ఏ వాసనా లేదు, అలారమే దిక్కు. అందుకే పైకప్పు మీంచి స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ దింపించాం. మొత్తం పనిలో నేను రెండో ఆలోచన లేకుండా పెట్టిన ఖర్చు అదే.

చివర్న ట్యాంకు కోసి పట్టుకెళ్ళిన మనుషులు గోడ గొట్టానికి మూత బిగించి బయల్దేరబోయారు. నేను పోనివ్వలేదు. ట్యాంకు తీసేసి గొట్టం వదిలేసిన ఇళ్ళకు పొరపాటున ట్యాంకర్ వచ్చి, వందల గ్యాలన్లు నేరుగా బేస్‌మెంట్‌లో కుమ్మరించిన సందర్భాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. గొట్టాలు రెండూ పీకించి, కంతలు సిమెంటుతో పూడ్పించాను.

జనవరిలో, మంచు కురుస్తున్న ఒక పొద్దున, ట్యాంకర్ వచ్చి మా ఇంటి ముందే ఆగింది. డ్రైవర్ పైపు లాక్కుంటూ వచ్చి, గోడ వెంట వెతికి, సిమెంటు మచ్చ మీద చేత్తో తడిమి చూశాడు. నేను తలుపు తీసేలోపే చీటీలో నంబరు చూసుకుని పక్కింటికి వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచి ఈల వినపడింది.