గోడ ఎవరిది? సున్నమెవరిది?

గోడ రాతల్ని చెరిపే చట్టాలను ఇంతవరకు నగర సౌందర్యం పద్దు కింద చదువుతూ వచ్చారు. వాటిని కులం పద్దు కింద చదవాలంటున్నాం మేము. ఒక వీధిలో మున్సిపాలిటీ, రైల్వే, కంటోన్మెంటు, మెట్రో, ఆర్ అండ్ బి పక్కపక్కనే ఉన్నప్పుడు చెరిపే అధికారం అందరికీ ఉంటుంది. ఎందుకు చెరిపావయ్యా అంటే జవాబు చెప్పే బాధ్యత మాత్రం ఎవరికీ ఉండదు. ఇది పాలనలోని లోపమేనా, లేక ఆ లోపం వల్ల ఎవరికైనా లాభముందా? ఇదీ మా ప్రశ్న.

పత్రిక పెట్టుకోలేనివాడికి గోడే పత్రిక. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత లేచిన దళిత ఉద్యమానికీ, 1994లో మొదలైన దండోరాకీ డబ్బా రంగు, కుంచె, రాత్రిపూట నాలుగు గంటల తీరిక పెద్ద వనరులు. జిల్లా పేజీలో నాలుగు లైన్లు దొరకని మాట ఊరి నడిబజార్లో గోడెక్కింది. అందువల్ల మనకు గోడ రాత అంటే కేవలం ప్రకటన కాదు. ఊరికి బయట ఉంచినవాళ్లు ఊరి నడుమ పెట్టుకున్న సంతకం అది.

హైదరాబాదునే తీసుకుందాం. 2007లో పాత నగరపాలక సంస్థలో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి మహానగరపాలక సంస్థ చేశారు. కానీ సికింద్రాబాద్ కంటోన్మెంటు అందులోకి రాలేదు. దానిది 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం, పైన రక్షణ శాఖ. పట్టాల పక్క గోడ రైల్వేది, మెట్రో స్తంభం మెట్రోది, కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రహరీ విశ్వవిద్యాలయానిది. వీటన్నిటి మీదా 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బహిరంగ స్థలాల వికృతీకరణను నిరోధిస్తూ చేసిన చట్టం ఒకటుంది. ఒకే రోడ్డు మీద వంద గజాలు నడిస్తే ముగ్గురు యజమానులు తగులుతారు. రాసినవాడికి ఆ గీతలు కనబడవు. ఫిర్యాదు పట్టుకుపోయినవాడికి మాత్రం ఆ గీతలు తప్ప ఇంకేమీ కనబడవు.

ఇక చట్టాల భాషలోకి వెళ్దాం. ఢిల్లీ ఆస్తుల వికృతీకరణ నిరోధక చట్టం (2007) ప్రజల కంటికి కనబడే ఏ ఆస్తి మీదనైనా సిరాతో, సుద్దతో, రంగుతో రాయడం నేరమంటుంది. ఏడాది వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఆస్తి యజమాని, లేదా అందులో ఉంటున్నవాడు తన పేరు, చిరునామా రాసుకోవచ్చు! అంటే ఇల్లున్నవాడు పేరు చివర కులం తోకతో సహా రాతిపలక చెక్కించుకుంటే అది చిరునామా. ఇల్లు లేనివాడు తన నాయకుడి పేరు రాస్తే అది వికృతం. చట్టం కులం పేరెత్తదు, నిజమే. ఎత్తాల్సిన అవసరం దానికి లేదు. ఆస్తి పేరెత్తితే చాలు. ఈ దేశంలో ఆస్తి ఏ కులాల దగ్గరుందో చట్టం చెప్పనక్కర్లేదు గదా!

"ప్రజల కంటికి కనబడే" అన్న మాటను ఇంకోచోట చూడండి. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఆ మాటే ఉంది. దళితుణ్ణి కులం పేరుతో దూషిస్తే, అది ప్రజల కంట పడేచోట జరిగితేనే ఆ సెక్షన్ కింద నేరం. 2020లో ఉత్తరాఖండ్ కేసొకదాంట్లో సుప్రీంకోర్టు, బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య జరిగిన దూషణ దాని కిందికి రాదన్నది. ఒకే మాట, రెండు చట్టాలు. గోడకు అవమానం జరిగిందంటే ప్రజల కన్ను దానంతటదే తెరుచుకుంటుంది. మనిషికి అవమానం జరిగిందంటే ఆ కన్ను అక్కడున్నట్టు మనమే రుజువు చెయ్యాలి.

పరిధులు అడ్డొస్తున్నాయనే మాట ఎంతవరకు నిజం? 2024 సెప్టెంబరులో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం ఎన్నికల ఓట్ల లెక్కింపును ఢిల్లీ హైకోర్టు ఆపేసింది. పోస్టర్లు, రాతలు పోయి గోడలు మునుపటిలా అయ్యాకే లెక్క అన్నది. నగరపాలక సంస్థ, మెట్రో, విశ్వవిద్యాలయం అన్నీ ఒకే కేసులో నిలబడ్డాయి, శుభ్రం చేసిన ఖర్చు ఎవరు భరించాలో తేలింది. ఫలితాలు నవంబరు 25న వచ్చాయి. డబ్బు కుమ్మరించి ఊరంతా తమ పేర్లు అంటించిన అభ్యర్థుల మీద మాకేం జాలి లేదు. ఆ డబ్బు లేని దళిత, బహుజన విద్యార్థులే ఆ పోస్టర్ల కింద మునిగిపోయేది. మేం చెప్పేది వేరు. కోర్టు తలచుకుంటే అన్ని సంస్థలూ ఒక్క గోడ ముందు నిలబడతాయని తేలిపోయింది.

ఎన్నికల సంఘం నియమాలూ ఇంతే. ఎన్నికలు ప్రకటించగానే ప్రభుత్వ కార్యాలయాల మీది రాతలు 24 గంటల్లో, బస్టాండ్లు, వంతెనల వంటి బహిరంగ ఆస్తుల మీదివి 48 గంటల్లో, ప్రైవేటు గోడల మీద అనుమతి లేనివి 72 గంటల్లో పోవాలి. ఏ గోడ ఎవరిదన్న వాదులాట అప్పుడెక్కడికి పోతుంది? రాజ్యానికి అవసరమైన రోజున సరిహద్దులు చెరిగిపోతాయి. దళితుడు ఫిర్యాదు చేసిన రోజున మళ్లీ మొలుస్తాయి.

వాడ పక్కన రైల్వే గోడ మీద ఎవడో కులం పేరుతో బూతు రాశాడనుకుందాం. మున్సిపాలిటీకి పోతే రైల్వే గోడ అంటారు. రైల్వేకి పోతే పోలీసు కేసంటారు. పోలీసులకి చెప్పేలోపు ఎవరో ఒకరు సున్నం కొట్టేస్తారు. పీడ వదిలిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ 2015 సవరణ ప్రకారం రాతతోగానీ బొమ్మతోగానీ దళితుల మీద ద్వేషం రెచ్చగొట్టడం నేరం. అంటే ఆ గోడే సాక్ష్యం. సాక్ష్యం మీద సున్నం కొట్టడాన్ని ఇంకేచోటైనా శుభ్రత అంటామా?

అన్ని అధికారాలూ ఒకే సంస్థకిస్తే సరిపోతుంది గదా అంటారు కొందరు మిత్రులు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏమైంది? హాస్టళ్ల నుంచి వెలివేయబడ్డ అయిదుగురు దళిత పరిశోధకులు 2016 జనవరిలో వేసుకున్న శిబిరం వెలివాడ. ఆ నెల 17న రోహిత్ వేముల మరణించాక అంబేద్కర్, ఫూలే బొమ్మలతో అది దేశమంతా తెలిసిన గుర్తయింది. 2019 జనవరిలో విశ్వవిద్యాలయ యంత్రాంగం దాన్ని తొలగించింది. అక్కడ పరిధుల తగాదా లేదు, స్థలం ఒక్కరిదే. అయినా జవాబుదారీ లేదు. కాబట్టి యజమానులు ఎందరన్నది కాదు అసలు సంగతి. చెరిపేముందు ఎవరిని అడగాలి, చెరిపాక ఎవరికి చెప్పాలి అన్నదే సంగతి.

ఏది వికృతమనేదాంట్లో కూడా తూకం ఒకటి కాదు. మూత్రం పోయకుండా గోడలకు దేవుళ్ల టైల్సు అతికిస్తే అది తెలివైన ఉపాయం. అదే గోడ మీద నీలిరంగులో జై భీమ్ రాస్తే వికృతీకరణ. చట్టం చూస్తే ఒక్కటే, కళ్లు మాత్రం రెండు.

ఇక చెరిపే చేతుల మాట. ఇన్ని చట్టాల్లో, ఇన్ని తీర్పుల్లో చెరిపేవాడి ఊసు వెతకండి. ఖర్చు ఉంటుంది, గడువు ఉంటుంది, మనిషి ఉండడు. తెల్లవారుజామున మేస్త్రీ చెప్పిన గోడ దగ్గరికి బక్కెట్టు మోసుకుపోయే పారిశుద్ధ్య కార్మికుడు ఎక్కువచోట్ల దళితుడే, తరచుగా కాంట్రాక్టు మీదే. రాసింది మన పిల్లలు, చెరిపేది మన అన్నలు, అక్కలు. చెరపమన్నవాడి చేతికి సున్నం అంటదు. కులవ్యవస్థలో పని పంచిన తీరే ఇక్కడా ఉంది.

గోడలన్నీ ఎలా ఉన్నవి అలా వదిలెయ్యాలని మేం అనడం లేదు. బూతు రాతలు పోవాల్సిందే. ముందు ఫోటో తీసి, పంచనామా రాసి, కేసు కట్టి ఆ తర్వాత చెరపాలి. ఏ రాత చెరిపినా ఏ సంస్థ, ఏ అధికారి, ఏ తేదీన, ఏ కారణంతో అన్నది వార్డు ఆఫీసులో ఎవరడిగినా చూపించేలా పుస్తకంలో ఉండాలి. ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇచ్చినా తీసుకుని, గోడ ఎవరిదో తేల్చుకునే పని వాళ్లే చేసుకోవాలి. చెరిపే కార్మికులకు గ్లౌజులు, మాస్కులు, అదనపు పనికి అదనపు కూలి ఇవ్వాలి. ప్రతి వార్డులో, వాడలతో సహా, అనుమతి అడక్కుండా రాసుకునే గోడ ఒకటి వదలాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. 24 గంటల్లో గోడలు తెల్లగా చెయ్యగలిగిన యంత్రాంగానికి ఒక పుస్తకం పెట్టుకోవడం కష్టమేమీ కాదు.